గాజులో పిడుగు పాకదు

ములకలపల్లి,
జూలై 8.

రజాక్ మియాకు దాసు సలాములు.

ఇక్కడ నేను క్షేమం, ఇన్నమ్మ క్షేమం. ఈ డబ్బాలో కూర్చుని నీ దగ్గరికి వస్తున్న పెద్దమనిషి మాత్రం క్షేమం కాదు. బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను. దూదిలో చుట్టాను, నిదానంగా విప్పు. పోయినసారి డబ్బాలోంచి కప్ప దూకిందని ఫజిలత్ భాభీ నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఈసారి కప్ప లేదు. బైబిల్ మీద ఒట్టు.

సంగతి ఏమిటంటే, కంపెనీ వాళ్ళు స్టేషన్ అని బోర్డు తగిలించిన మా రేకుల గదిలో డెబ్బై కిలోమీటర్ల లైను రిసీవర్ పోయింది. బొటనవేలంత ఇనప డబ్బీ, దానికి ఒక కన్ను. అంత దూరం గాజు తీగలో నడిచి నడిచి సొమ్మసిల్లి వచ్చే వెలుగును పట్టుకుని మళ్ళీ మాటలు చేసేది ఆ కన్నే. అది మూసుకుంటే మండలంలో సగం టవర్లు మూగవి. నీకు తెలియక రాయడం లేదు. ఈ ఉత్తరం రేపు సుకుమార్ సారు చేతిలో పడినా అర్థం కావాలి గదా. ఆయన మాకు కొత్త సూపర్‌వైజర్. టై కట్టుకుని అడవికి వచ్చాడు.

పోయిన నెల ఇరవై ఎనిమిదిన ఉరుములూ మెరుపులూ. అప్పటి నుంచి లైను వస్తూ పోతూ, మొన్న ఐదో తారీఖున పూర్తిగా పడిపోయింది. పిడుగు దెబ్బే. ఉన్న ఒక్క స్పేరూ పెట్టాను, నడుస్తోంది. ఇదీ పోతే ఇక పావురాల్ని పెంచుకోవాలి.

కంపెనీ రిపేరు కాగితంలో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘పిడుగు’ అని రాసి సంతకం పెట్టి పంపు. నీ సంతకం ఉంటే ఎవ్వడూ మారుమాట్లాడడు. మైక్రోస్కోపుకు ఎట్లాగూ ఒక్క కన్ను చాలు, అందుకే మా మియా అంత తీరిగ్గా చూసేవాడు జిల్లాలో లేడని అందరికీ నేనే చెబుతుంటాను.

గది చూసుకునే సరళ నీకు నమస్తే చెప్పమంది. ఇంటర్ చదివింది, ఇద్దరు పిల్లల తల్లి. దోమ కుట్టినా టైము వేసి రిజిస్టర్‌లో రాస్తుంది.

ఫోన్ చేయొచ్చు కదా అనకు. ‘పెట్టెతోని రాసి పంపు. ఫోన్ల చెప్పింది నీకు యాదుండది, నాకు నమ్మకముండది’ అని రూలు పెట్టింది నువ్వే.

నీ
క్రీస్తుదాసు


ఖమ్మం, కమాన్ బజార్,
జూలై 15.

దాసూ,

డబ్బా అందింది. కప్ప లేదు. పిడుగు కూడా లేదు.

రెండు రోజులు బెంచి మీద పెట్టి చూశాను. కరెంటు వైపు ఎక్కడా మచ్చ లేదు. డబ్బీలో వెలుగును పంపే సగం కొత్తదానిలా పంపుతోంది. అందుకునే కన్ను ఒక్కటే పోయింది. బాగున్న రిసీవర్ మిణుగురంత వెలుగును కూడా గుర్తు పడుతుంది. ఇది ముఖం మీద టార్చి వేసినా తడుముకుంటోంది.

పిడుగు రాగి తీగలో పాకుతుంది. గాజులో పిడుగు పాకదు. కరెంటు వైపు నుంచి వచ్చి ఉంటే ముందు డబ్బీని గుచ్చే కార్డు నల్లబడేది; నువ్వు కార్డు పంపలేదు. ఇరవై రెండేళ్ళు ఈ పనిలో ఉన్నవాడివి, నీ చేత్తో రాయాల్సిన మాట కాదిది.

కన్ను ఈ తీరున పోవాలంటే వెలుగు ఎక్కువై పోవాలి. డెబ్బై కిలోమీటర్లు నడిచొచ్చిన వెలుగుకు అంత సత్తువ ఎక్కడిది? పక్కన నిలబడి ఎవరో పొడిచారు.

ఇరవై ఎనిమిదిన ఆ గదిలో ఏం జరిగింది? సరళ అన్నీ రాస్తుందన్నావు కదా, ఆ రోజు పేజీకి ఆమె చేతనే నకలు రాయించి పంపు. అప్పటిదాకా గడి ఖాళీ.

ఫజిలత్ నీ క్షేమం అడిగింది. కప్పను ఇంకా మరిచిపోలేదు.

రజాక్


ములకలపల్లి,
జూలై 26.

ఇన్‌స్పెక్టర్ మియా గారికి,

నిన్ను పోలీసుల్లోకి ఎందుకు తీసుకోలేదో ఆ దేవుడికే తెలియాలి. డబ్బీ రిపేరు చేయమని పంపితే డబ్బీ పంపినవాడిని విప్పుతున్నావు.

ఇక్కడ వారం నుంచి వాన తెరిపి ఇవ్వడం లేదు. భద్రాచలంలో గోదావరి మొదటి హెచ్చరిక దాటిందట. వాగులన్నీ రోడ్డెక్కాయి. ఇట్లాంటప్పుడు లైను పోతే ఏమవుతుందోనని రోజుకు నాలుగుసార్లు ఆ స్పేరు డబ్బీ ముఖం చూసి వస్తున్నాను.

సరళ చేత నకలు రాయించడం కుదరలేదు. ఆమె పనిలోకి రావడం లేదు. సుకుమార్ సారు మొన్న వచ్చి రిజిస్టర్ తిరగేశాడు. ఇరవై ఎనిమిదో తారీఖు పేజీ లేదు. కుట్టు దగ్గర చింపిన గుర్తు ఉంది.

‘ఈ పేజీ ఏదమ్మా?’ అన్నాడు.

‘నాకు తెల్వది సార్. నేనైతే రాసిన. టైములేసి రాసిన.’

‘రాస్తే ఏడబోయింది? వైరు తీసినప్పుడు మూత పెట్టలే, దుమ్ము పడ్డది, డబ్బీ ఖరాబైంది. అది దాచనీకి చింపినవ్.’

‘దుమ్ము పడితే తుడుస్తే పోతది సార్. దాసన్ననే నేర్పిండు నాకు’ అని నా వైపు చూసింది. నేను రేకు ఎక్కడ కారుతోందా అని పైకి చూస్తున్నాను.

రిపేరు రిపోర్టు వచ్చేదాకా పనిలోకి రావద్దన్నారు. చేసింది ఆమే అని తేలితే ఇక అక్కర్లేదన్నారు.

ఇంకో ముక్క పోయిన ఉత్తరంలో రాయలేదు. ఐదో తారీఖున లైను పడిపోయిన పూట, పైన గూడెంలో పగిడయ్య కోడలికి నొప్పులు మొదలయ్యాయి. 108కి ఎంత కొట్టినా కలవలేదు. మంచం మీద పడుకోబెట్టి వాగు దాకా మోసుకొచ్చి ఆటో ఎక్కించారు. ఆటోలోనే కాన్పయింది. బిడ్డ చాలాసేపు ఏడవలేదట. తర్వాత ఏడ్చింది. తల్లీ బిడ్డా బాగున్నారు. పగిడయ్య మాత్రం ఇప్పుడు సరళ గుమ్మం మీదుగా పోయినప్పుడల్లా ఆగి ఉమ్మేసి పోతున్నాడు.

పిడుగు వద్దంటే పోనీ, ‘దుమ్ము’ అనే రాయి. అడవిలో దుమ్ము అందరి సొమ్మూ. దుమ్ము పడిందంటే ఒక తిట్టుతో పోతుంది. నువ్వు పెద్ద పెద్ద మాటలు రాస్తేనే ఆ పిల్లకు కష్టం.

దాసు


ఖమ్మం,
ఆగస్టు 3.

దాసూ,

కన్ను ముందు దుమ్ము ఉంటే వెలుగు తగ్గుతుంది. తుడిస్తే పోతుంది. ఆ పిల్లకు తెలిసింది నీకు తెలియదని నన్ను నమ్మమంటున్నావు. నేను ‘దుమ్ము’ అని రాసిన రోజే ఆమె పని పోతుందని కూడా నీకు తెలుసు.

నిన్న మీ సుకుమార్ నా బెంచి దగ్గరికి వచ్చాడు. టై లేదు. మనిషి బుర్ర గోక్కుంటున్నాడు.

‘ఇరవై ఎనిమిదిన పన్నెండింటికి నా కండ్లతోని సూసిన భాయ్, పచ్చ లైటు ఎలుగుతున్నది. పొద్దుగాల తెగిన లైను నాలుగింటికి వచ్చిందని కంట్రోల్ రూమోళ్ళు అంటున్నరు. నాలుగు గంటల ముందే లైటు ఎట్ల ఎలిగింది?’

నేను చాయ్ తెప్పించాను గాని జవాబు చెప్పలేదు. జవాబు నాకు తెలుసు. జానెడు పసుపు వైరు. డబ్బీ పంపే వెలుగును దాని కంట్లోకే తిప్పి పెడితే అది తన మాట తనే విని, అంతా బాగుందనుకుని పచ్చ లైటు వెలిగిస్తుంది. పరీక్ష కోసం మనమందరం చేసేదే. మధ్యలో వెలుగును తగ్గించే అటెన్యుయేటర్ బిళ్ళ పెట్టి చేస్తాం. బిళ్ళ లేకపోతే డెబ్బై కిలోమీటర్లు పోవాల్సిన వెలుగంతా జానెడు దూరం నుంచి కంట్లో పడుతుంది. అంత పని తెలిసినవాడూ, అంత తమాషా చేయగలిగినవాడూ మీ మండలంలో ఒక్కడే ఉన్నాడు.

ఇంకో మాట రాస్తున్నాను. పదకొండేళ్ళుగా రాయనిది.

పెనుబల్లి రోడ్డు మీద మనం కేబుల్ అతుకుతున్న రోజు నా ముక్కల సీసా కనిపించలేదు. గాజు తీగ కొసలు వెంట్రుకకన్నా సన్నం, కింద పడితే కనిపించవు, అందుకే కోసినది కోసినట్టు సీసాలో వేయాలని నీకు నేర్పింది నేను. ఆ రోజు అవి నా ఒళ్ళో పడ్డాయి, తువ్వాలుకు అంటుకున్నాయి. దాసూ, సీసా నీ టిఫిన్ సంచిలో ఉంది. మూత నాకు కనిపించింది. కాసేపు వెతుకుతున్నట్టు నటిద్దాం, వాడు నవ్వుకుంటాడు అనుకున్నాను. అంతలో చెమట పట్టింది. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను.

దవాఖానాలో, కాంట్రాక్టర్ దగ్గర, ఫజిలత్‌తో కూడా నా అజాగ్రత్తే అని చెప్పాను. పోయింది నా కన్ను, అబద్ధం చెప్పుకునే హక్కు నాకుంది. ఇది సరళ బతుకు. దీని మీద నాకు హక్కు లేదు.

ఇరవయ్యో తారీఖు లోపల రిపోర్టు ఇవ్వాలన్నారు. పేజీ ఎక్కడుంది?

రజాక్


ములకలపల్లి,
ఆగస్టు 9.

రజాక్,

నీ ఉత్తరం నాకన్నా ముందు ఇన్నమ్మ చదివింది. నా పాత డబ్బాలోనే ఉత్తరం పెట్టి పంపావు గదా, బదులుకు బదులు కప్ప పెట్టి ఉంటావని సరదాగా విప్పిందట. నేను ఇంటికొచ్చేసరికి గడపలో కూర్చుని ఉంది.

‘నవ్విస్తడని చేసుకున్న. ఎవల్ని ఏడిపిచ్చి నవ్విస్తున్నడో అడగకపోతి’ అంది. అప్పటి నుంచి పళ్ళెం పెడుతోంది గాని పిలవడం లేదు.

రాస్తున్నాను. ఇరవై ఎనిమిదిన పొద్దున రోడ్డు పని జేసీబీ కేబుల్ తెంపింది. అతకాలంటే సాయంత్రం దాకా పడుతుంది. సుకుమార్ సారు ‘పన్నెండుకల్లా లైటు పచ్చగ కావాలె, లేకుంటే కొత్తోణ్ణి పెట్టుకుంట’ అని కబురు పెట్టాడు. లైను కావాలనలేదు, లైటు కావాలన్నాడు. సరే, లైటు ఇద్దామనుకున్నాను. బిళ్ళల పెట్టె బయట బండి డిక్కీలో ఉంది. పది అడుగులు. ఎండ ఎక్కువగా ఉందని వెళ్ళలేదు. ఒక్క గంటకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఉరుములు ఆ రోజు కాదు, ఆ మర్నాడు.

వైరు పెడుతుంటే సరళ ‘అన్నా, గా పసుపు వైరు ఏంది?’ అని అడిగింది. ‘సారుకు కట్టే తాయెత్తు’ అన్నాను. సారు వచ్చి పచ్చ లైటు చూసి, శభాష్ అని నా భుజం తట్టి, కోడికూర తిని పోయాడు. చాయ్ హోటల్లో నలుగురికి చెప్పుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

ఐదో తారీఖున పగిడయ్య కోడలి సంగతి తెలిశాక ఆరో తారీఖున పేజీ చింపాను. ఆమె రాసిన రాత ఇది: ‘11.40 దాసన్న పసుపు వైరు పెట్టిండు. సారుకు తాయెత్తు అన్నడు. 12.25 తీసిండు.’ నా బైబిల్లో పెట్టాను. నేను తెరవని పుస్తకం గనక భద్రంగా ఉంటుందని.

చింపినప్పుడు అది ఆ పిల్ల మెడకు చుట్టుకుంటుందని నాకు తట్టలేదు. ఇది నమ్మితే నమ్ము. సారు ఆమెను అడుగుతున్నప్పుడు తట్టింది. అప్పుడూ నోరు రాలేదు. ఇది మాత్రం నమ్ము.

నాకు నలభై తొమ్మిది. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి. తీగ అతకడం తప్ప ఏమీ రాదు. ‘ఎలుక’ అని రాయరాదా? వైరు ఎలుక కొరికిందని. ఎలుకను పనిలోంచి తీసేయరు.

సీసా నీకు కనిపించిందని నాకు తెలియదు. మైక్రోస్కోపుకు ఒక్క కన్ను చాలని నీకు ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

దాసు


ఖమ్మం,
ఆగస్టు 14.

దాసూ,

రిపోర్టు పంపుతున్నాను. కొలతలన్నీ నింపాను, కింద సంతకం పెట్టాను. కారణం గడి ఖాళీగా వదిలాను. ఖాళీ గడి కింద సంతకం పెట్టడం నాకు ఇదే మొదలు.

నువ్వు నింపు. పిడుగని రాసినా, దుమ్మని రాసినా, ఎలుకని రాసినా నా సంతకమే సాక్షి. వచ్చి అడగను, గొడవ చేయను. కాకపోతే ఆ తర్వాత నీ పేరున్న డబ్బా నా బెంచి మీదికి వస్తే విప్పకుండా తిప్పి పంపిస్తాను.

ఉన్న ఒక్క స్పేరూ పెట్టేశానన్నావు. పాతవాటిలోంచి ఒక రిసీవర్ బాగుచేసి పెట్టాను. దానికి ఒక అటెన్యుయేటర్ బిళ్ళ దారంతో కట్టాను. డిక్కీ దాకా నడవనక్కర్లేదు.

రజాక్


ములకలపల్లి,
సెప్టెంబరు 2.

రజాక్ భాయ్,

నీ కాగితం నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఒకసారి పెన్సిల్‌తో ‘ఎలుక’ అని రాసి చూసుకున్నాను. చూడటానికి బాగానే ఉంది. కింద నీ సంతకం ఉంది. రబ్బరుతో తుడిచేశాను. కొంచెం మరక మిగిలింది, మన్నించు.

పద్దెనిమిదిన పేజీ తీసుకుని సరళ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టింది.

‘ఏంది అన్నా, ఇంకో తాయెత్తు తెచ్చినవా?’

పేజీ ఇచ్చాను. తన రాత తను మొత్తం చదువుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

‘ఆఫీసు సంగతి ఎనక. ముందుగాల పగిడయ్య తాత తానికి నడువ్’ అంది.

నడిచాం. వాగు ఇంకా మోకాలి లోతు ఉంది. పగిడయ్య బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. మొత్తం చెప్పాను. విని నవ్వాడు భాయ్.

‘నీ ఏషాలు నాకెర్కలేదా దాసూ? పిల్లను ఎనకేసుకొస్తున్నవ్. మంచిదే. గని నేను నమ్మ’ అన్నాడు.

ప్రమాణం చేశాను. ఇంకా నవ్వాడు. నా ప్రమాణాలు ఈ గూడెంలో ఎన్ని విన్నాడో ఆయనకు తెలుసు.

మర్నాడు సుకుమార్ సారు ముందూ అదే కథ. ‘సరళ ఏమన్న బతిమాలిందా? పేజీ ఇప్పుడు కూసొని రాసిండ్రా ఇద్దరూ?’ అన్నాడు. నలభై తొమ్మిదేళ్ళలో మొదటిసారి నిజం చెబుతుంటే ఒక్కడూ నమ్మడేంది అని నాకు చెమటలు పట్టాయి. అప్పుడు నువ్వు దారంతో కట్టిన బిళ్ళ గుర్తొచ్చింది.

సారునూ, సరళనూ, వెనకే వచ్చిన పగిడయ్యనూ గదిలో నిలబెట్టాను. నువ్వు పంపిన రిసీవర్‌ను ఖాళీ గూట్లో పెట్టాను. లైను వైరు ఏదీ దానికి లేదని సారు చేత వేలు పెట్టించి చూపించాను. బిళ్ళ పెట్టి, పసుపు వైరు తిప్పి తగిలించాను. పచ్చ లైటు వెలిగింది.

సారు లైటును చూసి, నన్ను చూసి, తన చేతిని చూసుకున్నాడు. ఆ రోజు నా భుజం తట్టిన చెయ్యి. పగిడయ్యకు డబ్బీ సంగతి ఏం అర్థమైందో తెలియదు, నా ముఖం అర్థమైనట్టుంది. సరళ వైపు తిరిగి ‘తప్పయింది బిడ్డా’ అన్నాడు. నా వైపు తిరగలేదు. ఉమ్మేస్తాడేమోనని నిలబడే ఉన్నాను. అదీ చేయలేదు.

అక్కడే, ఆ బల్ల మీదే గడి నింపాను. చిన్న గడి, ఎక్కువ మాటలు పట్టవు. ‘కారణం: క్రీస్తుదాసు’ అని రాశాను.

సరళ సోమవారం నుంచి పనిలో ఉంది. నన్ను తీసేశారు. కొత్తవాడు వచ్చేదాకా, గోదావరి తగ్గేదాకా మాత్రం లైను చూడమన్నారు. ఆ తర్వాత ఏమిటో తెలియదు. నిన్న గది దగ్గరికి వెళ్తే సరళ లోపలికి రానివ్వలేదు. రిజిస్టర్ కిటికీలోంచి తిప్పి చూపించింది: ‘10.15 దాసన్న వచ్చిండు. పని లేదు. బయట నిలబడ్డడు.’ కింద సంతకం పెట్టమంది. పెట్టాను. ఇన్నమ్మకు చెబితే నెల తర్వాత మొదటిసారి నవ్వి, అన్నానికి పిలిచింది.

ఈ డబ్బాలో రిసీవర్ ఏదీ లేదు. దూది అడుగున నీ ముక్కల సీసా ఉంది. ఆ రోజు నుంచి ఇన్నమ్మ కుట్టుమిషన్ వెనక దాచాను. పారేయాలని చాలాసార్లు తీశాను, చేతకాలేదు. మూత తీయకు. ఆ పొద్దున నువ్వు కోసినవి ఇంకా అందులోనే ఉన్నాయి.

డబ్బా మీద పంపినవారి పేరు సరళ చేత, సరళదే రాయించాను. నా పేరు చూస్తే తిప్పి పంపుతావేమోనని. ఇది తమాషా కాదు భాయ్, భయం.

క్రీస్తుదాసు